పేరు ఎవరు చెప్పాలి?

"అమ్మాయ్, నా కథ నచ్చలేదని చెప్పడానికైనా ఒక ఉత్తరం ముక్క రాయలేకపోయావా?"

ఎనభై దాటిన ఆ రచయిత్రి ఫోనులో అలా అడిగితే నాకు మాట రాలేదు. నేను రెండుసార్లు రాశాను. రెండూ ఆమె స్పామ్‌లో పడి ఉన్నాయి.

పాతతరం రచయిత్రుల అనుభవాలు సేకరించే పనిలో నలుగురం ఉన్నాం. వాళ్లు నమ్మి రాసే ఉత్తరాలు మా దగ్గరే ఉండాలని సొంత డొమైన్ కొని, అద్దె సర్వర్ మీద మెయిల్ పెట్టింది నేనే. లాగ్ తీసి చూస్తే అవతలి సర్వర్ ఉత్తరం తీసుకుందనే ఉంది. తీసుకుని ఏ మూల పడేసిందో లాగ్ చెప్పదు. చేరిందా అని ఆమెను అడగకపోవడం మాత్రం నా తప్పే.

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, రాత్రిళ్లు కూర్చుని నేర్చుకున్నాను. మెయిల్ సర్వర్ అవతలి గడప తొక్కగానే తన పేరు చెప్పుకోవాలి. మాది, అద్దెకిచ్చినవాళ్లు తగిలించిన అంకెల పేరే చెప్తోంది. హోస్ట్‌నేమ్ మార్చాను. ఆ పేరుకు ఐపీ చిరునామా చూపే 'ఎ' రికార్డు, మా ఉత్తరాలు ఏ సర్వర్‌కి రావాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు, మా తరఫున ఎవరు పంపవచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ రికార్డు రాశాను. ఇవన్నీ నా చేతిలోవే. చిరునామాను బట్టి పేరు చెప్పే పీటీఆర్ రికార్డు మాత్రం ఆ చిరునామా ఎవరిదో వాళ్లే రాయాలి. నేను చెప్పుకున్న పేరూ, వాళ్లు చెప్పే పేరూ కలవాలి. దానికోసం ఫోను చేస్తే, "సార్ ఉంటే ఇవ్వండి మేడమ్, టెక్నికల్ విషయం" అన్నాడు అవతలి అబ్బాయి.

ఈ పరీక్ష నాకు కొత్తది కాదు. సిద్ధాంత గ్రంథం మీద పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. రెండూ ఒక మనిషివేనని అఫిడవిట్ ఇస్తేగాని ఫెలోషిప్ డబ్బు రాలేదు. సర్వర్‌దీ ఆడబతుకే అనుకున్నాను. ఆలోచిస్తే ఆ పోలిక నిలబడలేదు. ఎవరి పేరు పెట్టుకునైనా ఉత్తరం పంపగలిగే చోట ఆ ప్రశ్న అడగక తప్పదు, అందరినీ అడుగుతారు. పైగా ఇల్లు మారితే పేరు మార్చుకోమని సర్వర్‌కి ఎవరూ చెప్పరు. చిరునామా మారినా పేరు నిలబెట్టగలగడమే డీఎన్‌ఎస్‌లోని సుగుణం. 1983లో పాల్ మొకపెట్రిస్ దాన్ని రూపొందించకముందు, అర్పానెట్ కంప్యూటర్ల పేర్లూ చిరునామాలూ ఒకే జాబితాలో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐలో ఆ జాబితాను చూసుకున్నది ఎలిజబెత్ ఫైన్లర్ నాయకత్వంలోని బృందం. అన్ని యంత్రాల పేర్లనూ ఒక స్త్రీ పదిలంగా కాపాడింది. మన పేర్ల జాబితా ఎవరి దగ్గరుంది?

పీటీఆర్ రాయించాక పంపిన ఉత్తరం ఆమెకు చేరింది. మర్నాడే జవాబొచ్చింది: "కథ కింద ఇంటిపేరు వెయ్యకు. పెళ్లికి ముందు ఒక ఇంటిపేరుతో రాశాను, తర్వాత ఇంకోదానితో రాశాను. ఏది వేసినా సగం కథలు నావి కాకుండా పోతాయి."