ఏ గడిలో టిక్కు పెట్టాలి?

కౌలాలంపూర్లో చాలా అప్లికేషన్ ఫారాల్లో జాతి అన్నచోట నాలుగు గళ్ళుంటాయి. మలయ్, చైనీస్, ఇండియన్, తక్కినవాళ్ళు. వీసా మీద వచ్చి పోయే నాలాంటివాడికి దాంతో పెద్ద పేచీ లేదు. ఇక్కడే పుట్టిన తెలుగువాళ్ళ సంగతి వేరు.

మా ప్రాజెక్టులో ఒక కుర్రాడున్నాడు (కుర్రాడంటే ఇప్పుడు నలభై దగ్గర్లే!). ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి బాగాన్ దాతో కొబ్బరితోటల్లో కూలిపనికి వచ్చాడట. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఇక్కడి ప్రభుత్వ ప్రాథమిక బడులు మలయ్, చైనీస్, తమిళాల్లోనే మరి. తోటల్లో ఒకప్పుడుండే తెలుగు బడులు ఎప్పుడో మూతపడ్డాయి.

2004లో ఇక్కడ నేషనల్ సర్వీస్ మొదలుపెట్టారు. పద్దెనిమిదేళ్ళ పిల్లల్ని లాటరీ తీసి, అన్ని జాతులవాళ్ళనీ కలిపి మూడు నెలలు క్యాంపులో ఉంచేవారు. మనవాడి పేరూ తగిలింది. "మంచి మలయ్ ఫ్రెండ్సు అక్కడే దొరికారన్నా. కానీ నేను తమిళవాణ్ణి కాదని చెప్పడానికే నాకు మూడు నెలలూ సరిపోయాయి" అన్నాడు నవ్వుతూ. 2018లో ఆ పథకాన్ని ఎత్తేశారు. 2025లో 45 రోజులకి కుదించి మళ్ళీ తెచ్చారు.

పిల్లల్ని ఇలా కలిపి కూర్చోబెట్టే పని యూరప్‌లో ఇంకోరకంగా జరుగుతుంది. జర్మనీ, డెన్మార్క్ సరిహద్దులో ఫ్లెన్స్‌బర్గ్ అనే ఊరుంది. అక్కడ 1996లో పెట్టిన మైనారిటీల పరిశోధన కేంద్రం విద్యార్థులకి సమ్మర్ స్కూళ్ళు నడుపుతూ వచ్చింది. అలాంటిచోట తప్పకుండా చర్చకొచ్చేది కౌన్సిల్ ఆఫ్ యూరప్ వారి 1995 నాటి మైనారిటీల ఒప్పందం. అందులో మూడో అధికరణం నాకు భలే నచ్చింది. తనని మైనారిటీగా చూడాలో అక్కర్లేదో ఎంచుకునే స్వేచ్ఛ ఆ మనిషిదేనట. అలాగని యూరప్ అంతా బంగారమేం కాదు. ఫ్రాన్స్ ఇంతవరకూ దానిమీద సంతకమే పెట్టలేదు.

ముందే గీసిన గళ్ళలో కూర్చుని స్నేహంగా మాట్లాడుకోవడం ఒకటి. ఆ గళ్ళు ఎవరు గీశారని అడగడం ఇంకొకటి. మొదటిదానికి క్యాంపు చాలు. రెండోదానికి "నిన్ను నువ్వేమని చెప్పుకుంటావు?" అని ముందుగా అడిగే ఓపిక కావాలి.

1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు ఈ కౌలాలంపూర్లోనే జరిగాయని మనం గొప్పగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. మరి మన ఊళ్ళ హాస్టళ్ళలో సవర, కోయ, గోండి మాట్లాడే పిల్లలుంటారు కదా... వాళ్ళని ఆ ప్రశ్న ఎవరైనా అడిగారంటారా?