పచ్చసొన పారేసి, క్యాప్సూల్ మింగి

స్కాన్ రిపోర్టులో ఫ్యాటీ లివర్ అని కనబడగానే మనవాళ్లు చేసే మొదటి పని గుడ్డులో పచ్చసొన తీసి పారేయడం. రెండో పని మందుల షాపుకెళ్లి లివర్ క్యాప్సూళ్లు కొనుక్కోవడం. కంచంలో అన్నం తగ్గదు, సాయంత్రం మిక్చర్ పొట్లం ఆగదు, నడక మొదలవదు. ఇది చూసినప్పుడల్లా నాకు కోపం ఆగదు. ఎందుకంటే ఆ క్యాప్సూళ్లలో కొన్నిటిలో ఉండేది సోయా నుంచి తీసిన ఫాస్ఫోలిపిడ్. ఆ జాతి కొవ్వే పారేసిన పచ్చసొనలో నిండుగా ఉంది.

కాలేయం కొవ్వును దాచిపెట్టుకోవాల్సిన చోటు కాదు, పంపించాల్సిన చోటు. మనం అవసరానికి మించి తిన్న పిండిపదార్థాన్ని కొవ్వుగా మార్చి, వీఎల్‌డీఎల్ అనే రేణువుల్లో పెట్టి రక్తంలోకి ఎక్కిస్తుంది. ఆ రేణువులకు పైపొర కావాలి. ఆ పొరలో ముఖ్యమైన సరుకు ఫాస్ఫటిడైల్ కోలిన్ అనే ఫాస్ఫోలిపిడ్. అది చాలకపోతే, గోనె సంచులు రాక ధాన్యం కల్లంలోనే ఉండిపోయినట్టు, కొవ్వు కాలేయంలోనే పేరుకుంటుంది. ఇదేమీ కొత్త సంగతి కాదు. క్లోమం తీసేసిన కుక్కలకు కాలేయంలో కొవ్వు నిండుతుంటే, టొరంటో పరిశోధకులు ఈ ఫాస్ఫోలిపిడ్ నిండుగా ఉండే లెసిథిన్ పెట్టి ఆపగలిగారు. అది 1930ల మొదటి నాటి మాట. అందులో పనిచేసేది కోలిన్ అని ఆ వెంటనే, ఇన్సులిన్ కనిపెట్టిన బృందంలోని చార్లెస్ బెస్ట్ ఎలుకల మీద తేల్చాడు.

అలాగని గుడ్డు తింటే ఫ్యాటీ లివర్ పోతుందని నేను చెప్పను. మన దగ్గర అసలు కారణాలు బొజ్జ, షుగరు, కదలని ఉద్యోగం, మద్యం. వాటిని వదిలేసి క్యాప్సూల్‌ను నమ్ముకున్నవాళ్లను చూసి గుండె తరుక్కుపోతుంది. రోజూ తాగే ఒకాయన, "లివర్ మందు వేసుకుంటున్నాను కదా సార్" అని ఎంతో ధైర్యంగా చెప్పేవాడు. చివరికి నీరు పట్టిన పొట్టతో, పసుపెక్కిన కళ్లతో వచ్చాడు. పక్కన నిలబడ్డ భార్య చేతిలో ఖాళీ స్ట్రిప్పుల సంచి. ఒక్కటీ మానలేదని నాకు చూపించాలని తెచ్చిందామె. ఆమెను ఏమని కోప్పడగలను? అమెరికాలో తాగుడు అలవాటున్న 789 మంది మాజీ సైనికులకు రెండేళ్లపాటు ఆ సోయా లెసిథిన్‌నో, ఉత్తుత్తి మాత్రనో ఇచ్చి చూశారు. 2003లో ఫలితాలు వచ్చాయి. కాలేయం గట్టిపడటంలో రెండు గుంపులకూ తేడా లేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది అరవై దాటిన అమ్మలు. అలాంటి ఒకామె మొన్న కొడుకుతో వచ్చింది. "తాగేవాళ్లకొచ్చే జబ్బు నాకెందుకొచ్చింది బాబూ? ఇరుగుపొరుగుకి ఏమని చెప్పను?" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇంట్లో గుడ్లు ఉడికితే మనవడికి, కొడుక్కి. మిగిలితే తెల్లసొన ఆమెకి.

నిజానికి ఆ వయసు ఆడవాళ్లకే పచ్చసొన అవసరం ఎక్కువ. నెలసరి ఉన్నన్నాళ్లూ ఈస్ట్రోజెన్ హార్మోను కాలేయంలోని పెమ్ట్ అనే ఎంజైమును పెంచుతుంది. దానితో శరీరం ఫాస్ఫటిడైల్ కోలిన్‌ను తనంతట తాను కొంత తయారు చేసుకుంటుంది. నెలసరి ఆగాక ఆ అండ తగ్గిపోతుంది, తిండి మీద ఆధారపడటం పెరుగుతుంది. 2007లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో కోలిన్ బాగా తక్కువున్న ఆహారం పెడితే, నెలసరి ఆగిన స్త్రీలలో 80 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరడమో, కండరం దెబ్బతినడమో జరిగింది. నెలసరి ఉన్నవారిలో అది 44 శాతమే. ఆడవారికి రోజుకు 425 మిల్లీగ్రాముల కోలిన్ కావాలంటారు. ఒక పెద్ద గుడ్డులో దాదాపు 150 ఉంటుంది, అదీ ఇంచుమించు అంతా పచ్చసొనలోనే.

కొడుకుతో వచ్చిన ఆ అమ్మను బరువు పది శాతం తగ్గించమన్నాను. షుగరు పరీక్ష, రోజూ నడక, అన్నం సగం. రోజుకో గుడ్డు, పచ్చసొనతో సహా. గుడ్డు ముట్టని వాళ్లకైతే సోయా, శనగలు, పాలు చెబుతాను.

"ఆ క్యాప్సూళ్లు రాయరా సార్?" అన్నాడు కొడుకు.

ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ గుడ్లు వస్తాయి నాయనా అన్నాను. వచ్చే నెల భార్యను కూడా వెంటబెట్టుకు రమ్మన్నాను. ఆ ఇంట్లో వంట ఆమెది. అత్తగారి కంచంలో ఏం పడాలో ఆమెకు నేనే చెప్పాలి.