బి.కాం. బుర్రకు సైకాలజీ

నేను చదువుకున్నది బి.కాం. ముప్ఫై ఏళ్లుగా బ్యాంకు ఉద్యోగం. జమా ఖర్చూ సరిపోయాయా లేదా అన్నదే నాకు తెలిసిన శాస్త్రం. అలాంటివాడు యాభై ఆరో ఏట సైకాలజీ పాఠ్యపుస్తకం ముందేసుకుని కూర్చుంటే మా బరంపురం మిత్రులు నవ్వారు.

కారణం మా అమ్మ. ఆవిడకు 83 ఏళ్లు. పొద్దున ఎవరొచ్చి వెళ్లారో సాయంత్రానికి గుర్తుండదు. తన పెళ్లికి పర్లాకిమిడి నుంచి ఎన్ని ఎడ్లబండ్లు వచ్చాయో మాత్రం ఇప్పటికీ చెబుతుంది. డాక్టరుగారు పరీక్షలు చేయించి, మందులు రాసి, అల్జీమర్స్ అన్నారు. జబ్బు పేరు తెలిసింది గాని సంగతి బోధపడలేదు.

మా అమ్మాయి ప్లస్ టూలో చదివిన ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకంతో మొదలుపెట్టి, తరువాత డిగ్రీ పుస్తకానికి వెళ్లాను. రోజుకు నాలుగు పేజీలు. చదివాక పుస్తకం మూసి, గుర్తున్నది పాత క్యాలెండరు కాగితాల వెనక రాసేవాణ్ణి. ఈ పద్ధతికి శాస్త్రం బలం కూడా ఉంది. 1885లో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ పండితుడు తన మీదే ప్రయోగాలు చేసుకుని, నేర్చినదానిలో సగానికి పైగా మొదటి గంటలోనే జారిపోతుందని లెక్కగట్టాడు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవారికన్నా, చూడకుండా గుర్తు తెచ్చుకున్నవారికే వారం తరువాత ఎక్కువ నిలిచింది. మానసిక వ్యాధుల అధ్యాయం చదివినన్నాళ్లు మాత్రం ప్రతి జబ్బూ నాకే ఉన్నట్టనిపించింది!

నన్ను ఆపేసింది హెన్రీ మోలిసన్ కథ. మూర్ఛలు తగ్గడానికి 1953లో, 27వ ఏట, ఆయన మెదడుకు ఆపరేషన్ చేసి, రెండు వైపులా హిప్పోకాంపస్ అనే భాగాన్ని చాలామటుకు తీసేశారు. 2008లో పోయేదాకా ఆయనకు కొత్త సంగతులు దాదాపుగా ఏవీ నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయనచేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. ప్రతిసారీ అది ఆయనకు కొత్త పనే. చెయ్యి మాత్రం రోజురోజుకూ తప్పులు తగ్గించుకుంది.

ఇది నాకు మన పాత లెక్కల భాషలో అర్థమైంది. రోజువారీ చిట్టా నుంచి ఆవర్జాకు పద్దు ఎక్కించే గుమాస్తా లేడు. పాత ఆవర్జా ఉంది. చేతిపనులది వేరే పుస్తకం. అమ్మ జబ్బూ, మోలిసన్ లోపమూ ఒకటి కాదు. అల్జీమర్స్ మెల్లమెల్లగా మిగతా భాగాలకూ పాకుతుంది. అయితే ఇందులోనూ హిప్పోకాంపస్ తొలిదశలోనే దెబ్బతింటుంది. అందుకే అమ్మకు పొద్దుటి మాట పోయింది గాని, పదిహేను చుక్కల ముగ్గు ఒక్క గీత తప్పకుండా వేస్తుంది.

ఇప్పుడు మా ఇంటికి వచ్చే చుట్టాలతో గుమ్మంలోనే చెబుతున్నాం: “నేనెవరో చెప్పు పిన్నీ” అని అడగకండి, మీ పేరూ ఊరూ మీరే చెప్పండి అని. అడిగితే ఆవిడ తడుముకుని చిన్నబోతుంది. చెబితే పాత కబుర్లు అందుకుంటుంది.

ఇంకొకటి మన కుటుంబాలన్నిటికీ సంబంధించినది. అరవై ఏళ్లు బజారులో గలగలా మాట్లాడిన ఒడియా అమ్మ నోట సన్నగిల్లుతోంది. ఇలాంటి రోగుల్లో కొందరికి చిన్ననాటి భాషే ఎక్కువకాలం నిలుస్తుందట. భువనేశ్వరంలో ఉండే మా చిన్నతమ్ముడి కూతురికి వచ్చినవి ఒడియా, ఇంగ్లీషు. సెలవులకు వస్తే మామ్మా మనవరాలూ ఒకరినొకరు చూసి నవ్వుకోవడమే. మొన్న దసరాకు మా ఆవిడ ఆ పిల్లకు ఒక్క వాక్యం నేర్పింది: “మామ్మా, నాకు ముగ్గు నేర్పవా?” అమ్మ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గంటసేపు చుక్కలు పెట్టించింది. మర్నాడు ఆ సంగతి అమ్మకు గుర్తులేదు. పిల్ల మళ్లీ అడిగింది, అమ్మ మళ్లీ నేర్పింది.

పరభాషల మధ్య పెరుగుతున్న మన పిల్లలకు పద్యాలు రాకపోయినా పరవాలేదు. ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని మాట్లాడేటంత తెలుగైనా ఇప్పుడే నేర్పండి. వాళ్ల ఆవర్జా మూతపడేదాకా ఆగవద్దు.