పెట్టేదా, పడ్డదా?

కువైట్‌కొచ్చిన కొత్తలో సాల్మియాలో, సాలెం అల్ ముబారక్ వీధిలోని ఒక బట్టల షాపులో సేల్స్‌మన్‌గా చేరాను. సీజన్ అయిపోయి గిరాకీ పడిపోయింది. పొద్దస్తమానం పిల్లల చొక్కాలు మడతపెట్టడమే పని. వేరే సెక్షన్‌కి మార్చమని అడుగుదామని రాత్రంతా ఒక వాక్యం కూర్చుకుని, మర్నాడు మేనేజర్ ముందు నిలబడ్డాను.

"సార్, ఐ యామ్ బోరింగ్" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నో నో, యూ ఆర్ ఓకే" అని ఓదార్చి పంపించేశాడు. పక్కనున్న మలయాళీ కుర్రాడు నవ్వాపుకోలేక స్టోర్‌రూమ్‌లో దూరాడు. నాకు విసుగ్గా ఉందని చెప్పబోయి, నేను జనాన్ని విసిగించే మనిషినని ఒప్పుకుని వచ్చానన్నమాట.

సెలవు రోజున మా పై అంతస్తులో ఉండే గుంటూరు అక్క దగ్గర గోడు వెళ్లబోసుకున్నాను. ఒకప్పుడు ఊళ్లో బడిపిల్లలకు పాఠాలు చెప్పిన మనిషి. టీ గ్లాసు చేతికిచ్చి అడిగింది:

"తమ్ముడూ, భయపెట్టే సినిమా, భయపడ్డ పిల్లాడు. వీటిలో ఏది ఏదో నీకొకరు చెప్పాలా?"

"అక్కర్లేదక్కా."

"అయితే నీకు వచ్చేసినట్టే. పెట్టేది ఇంగ్, పడ్డది ఎడ్."

అంతే, చిక్కుముడి విడిపోయింది. తికమకపెట్టే ప్రశ్న కన్‌ఫ్యూజింగ్, తికమకపడ్డ మనిషి కన్‌ఫ్యూజ్డ్. 'పెట్టే' కుదరని చోట 'ఇంచే' ఉంది: విసిగించే పని బోరింగ్, విసిగిన నేను బోర్డ్. ఆసక్తి కలిగించే కథ ఇంటరెస్టింగ్, దాని మీద ఆసక్తి ఉన్నవాడు ఇంటరెస్టెడ్.

అసలు తప్పెక్కడ పుట్టిందో కూడా అప్పుడే అర్థమైంది. తెలుగులో 'నాకు విసుగ్గా ఉంది' అంటాం. విసుగు ఎక్కణ్ణుంచో వచ్చి నా మీద వాలుతుంది, దాంతో నా స్వభావానికేం పని లేదు. ఇంగ్లిష్‌లో 'ఐ యామ్' అనగానే ఆ వెనకొచ్చే విశేషణం నాకే అతుక్కుంటుంది. కాబట్టి ఏది అతికిస్తున్నానో చూసుకోవాలి.

అప్పటినుంచి నా మాటల్ని నేనే తనిఖీ చేసుకోవడం మొదలుపెట్టాను. 'ఇది పెద్దది' అనే అలవాటుకొద్దీ 'దిస్ ఈజ్ బిగ్ వన్' అనేవాణ్ణి. ఇంగ్లిష్‌లో ఆ 'ది'కి పని లేదు, 'దిస్ ఈజ్ బిగ్' చాలు. చిన్న చిన్న సైజులు నా నోట్లో 'స్మాల్ స్మాల్ సైజెస్' అయ్యేవి. మనకు 'కంటే' ఉంటే చాలు, 'చౌక' అనే మాట మారదు. ఇంగ్లిష్‌లో ఆ మాటే 'చీపర్' అవుతుంది. నేను దానికి 'మోర్' కూడా తగిలించి కొసరు వేసేవాణ్ణి.

కొన్ని మాత్రం ఉచితంగానే వచ్చాయి. పెద్ద పాత నల్ల తోలు సంచిని అదే వరసలో 'బిగ్ ఓల్డ్ బ్లాక్ లెదర్ బ్యాగ్' అంటే సరిపోతుంది. విశేషణం పేరుకు ముందే ఉంటుంది, ఒక సంచి అయినా పది సంచులైనా మారదు. మా షాపులో వినిపించే అరబ్బీలో అలా కాదు. పెద్ద ఇల్లు 'బైత్ కబీర్', పెద్ద కారు 'సయ్యారా కబీరా'. విశేషణం పేరు వెనకాల నడుస్తూ, దాని లింగాన్ని బట్టి రూపు మార్చుకుంటుంది. ఆ లెక్కన ఇంగ్లిష్ మనకు దగ్గరి చుట్టమే.

మాది కడప. 1820లో మా ఊరికి ఉద్యోగానికొచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చుకుని, 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లిష్‌లో అచ్చు వేయించాడు. ఆయన పేరిట ఉన్న గ్రంథాలయం ముందు నుంచి ఎన్నిసార్లు నడిచానో! పుట్టుకతో వచ్చిన భాషకు వ్యాకరణం దేనికి అనుకునేవాణ్ణి. ఇంగ్లిష్ మాట్లాడాల్సి వచ్చాక తెలిసింది, నా భాష ఎలా నడుస్తుందో నేనెప్పుడూ చూడలేదని. ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లకు నేను చెప్పేదొకటే: విశేషణం దగ్గర తడబడితే ముందు తెలుగులో అనుకోండి, పెట్టేదా, పడ్డదా అని.

నెల తిరిగాక మళ్లీ మేనేజర్ దగ్గరికెళ్లి, "సార్, ఐ యామ్ బోర్డ్" అన్నాను. సెక్షన్ మారలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు.