పెద్దరికం

కొన్నేళ్ళ క్రితం హైదరాబాదులో ఒక కార్యాలయపు నెట్‌వర్కు చూసుకునే ఉద్యోగంలో ఉండేవాణ్ణి. అక్కడ నాలుగు స్విచ్చులు ఒకదానిపై ఒకటి పేర్చి, వెనుకవైపు పొట్టి తీగలతో కలిపి ఉండేవి. ఒకటోదాని నుండి రెండోదానికి, అలా నాలుగోదాకా వెళ్ళి, చివరి తీగ మళ్ళీ మొదటిదాన్ని చేరేది. వలయం పూర్తయితే ఆ నాలుగూ ఒకే స్విచ్చు. మధ్యలో ఒక తీగ తెగినా సమాచారం రెండోవైపు నుండి చుట్టి వెళుతుంది. వేగం సగానికి తగ్గుతుందే గానీ పని ఆగదు.

సిస్కో సంస్థ 2003లో కేటలిస్టు 3750తో తెచ్చిన ఈ ఏర్పాటు పేరు స్టాక్‌వైజ్. తొమ్మిదింటిదాకా కలపవచ్చు. వాటిలో ఒకటే పెద్ద. మిగిలినవన్నీ దాని మాట వినాలి. ఆ పెద్దరికాన్ని తేల్చడంలో 1 నుండి 15 వరకు ఉండే ప్రాధాన్యసంఖ్యది ముఖ్యపాత్ర.

సిబ్బంది పెరగడంతో ఐదోది కావలసివచ్చింది. వేరొకచోట వాడి, కాన్ఫిగరేషను చెరిపి ఉంచిన స్విచ్చొకటి తెచ్చాను. దీపాలు వెలుగుతున్నాయో లేదో చూద్దామని ముందు కరెంటు ఇచ్చాను. ఆపకుండానే తీగ తగిలించాను.

కాన్ఫిగరేషను చెరిపినా ప్రాధాన్యసంఖ్య చెరగదని అప్పుడు నాకు తెలియదు. కొత్తదానిది 15, మా పెద్దది 10. ఒకే వలయంలో ఇద్దరు పెద్దలు! ఓడిన మా నాలుగూ వాటంతటవే ఆగి, తిరిగి లేచి, కొత్తదాని ఖాళీ బుర్రను తమదిగా స్వీకరించాయి. అంతస్తంతా స్తంభించింది.

వణుకుతూ మా సీనియరుగారికి ఫోను చేశాను.

"ఏమయ్యా, కరెంటు ఉండగానే కలిపావా?"

"అవునండీ."

"పొద్దున కాపీ తీసి పెట్టుకోమన్నాను. తీశావా?"

తీశాను. అనవసరపు చాదస్తమని లోలోపల విసుక్కుంటూనే తీశాను. దాని పుణ్యమా అని నలభై నిమిషాల్లో అన్నీ కోలుకున్నాయి. ఆయన మళ్ళీ ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ ఐదో స్విచ్చు గురించే ఆలోచించాను. పాపం, దాని తప్పేముంది? ఒకప్పుడెక్కడో పెద్దగా ఉండేది. ఆ ఇల్లు పోయింది, అక్కడ నేర్చినదంతా చెరిగిపోయింది. పెద్దరికం మాత్రం మిగిలింది.

ఆ తరువాత రెండు ఉద్యోగాలు మారాను. చేరిన ప్రతిచోటా మొదటి వారం ఎవరికీ సలహా ఇవ్వను.