ఎరుపుకి బి అక్కర్లేదు

మా పటమట ఇంటి నుంచి బెంజ్ సర్కిల్ నడిచి వెళ్లేంత దూరం. ఇప్పుడు 16, 65 అంటున్న జాతీయ రహదారులు తొంభైల్లో 5, 9. మద్రాసు–కలకత్తా లారీలూ, బందరు బస్సులూ, ఆటోనగర్‌కి పోయే బాడీ కట్టని ఛాసీలూ కాకాని వెంకటరత్నం విగ్రహం దగ్గర హారన్లతోనే దారి అడిగేవి.

చిన్నబాబాయి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివేవాడు. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి ఆ సర్కిల్‌నే అట్టముక్క మీదికి ఎక్కించాడు. హైవేకి మూడు ఎల్‌ఈడీలు, బందరు రోడ్డుకి మూడు. ఎ, బి అని రెండు స్విచ్చులు. అవి వేసే ఉద్యోగం నాది. 9 వోల్టుల బ్యాటరీని 7805 అయిదుకి దించేది. ఆ టీటీఎల్ చిప్పులు 2 వోల్టులు దాటితే ఒకటనీ, 0.8 లోపుంటే సున్నా అనీ చదివేవి. మధ్యలో ఉన్నదానికి పూచీ లేదు. ఇంకో వింత, ఏ తీగా తగిలించకుండా వదిలేసిన కాలిని కూడా ఒకటనే అనుకునేవి. సున్నా కావాలంటే గ్రౌండుకి కలపాల్సిందే.

రెండు స్విచ్చులూ సున్నా అయితే హైవేకి పచ్చ: ఎ బార్ బి బార్. బార్ అంటే సున్నాని ఒకటిగా, ఒకటిని సున్నాగా తిప్పడం. బి ఒక్కటే వేస్తే హైవేకి పసుపు: ఎ బార్ బి. ఎ ఒక్కటే వేస్తే బందరుకి పచ్చ, రెండూ వేస్తే బందరుకి పసుపు. నాలుగింటికీ నాలుగు యాండ్ గేట్లు. 7408లో ఉండేవీ సరిగ్గా నాలుగే. బార్ల కోసం ఒక 7404.

"ఎర్ర లైట్లకి ఇంకో చిప్పు కొనాలా బాబాయ్?"

"నువ్వే చెప్పరా. హైవేకి పచ్చ ఉంటే బందరుకి ఏం వెలగాలి?"

"ఎరుపు."

"హైవేకి పసుపు పడితే?"

"అప్పుడూ ఎరుపే."

"మరింక బితో పనేముంది?"

నోటుబుక్కులో ఎ బార్ బి బార్ ప్లస్ ఎ బార్ బి అని రాసి, బిలు రెండూ కొట్టేసి, ఎ బార్ మిగిల్చాడు. బందరు ఎరుపుని 7404 కాలికి, హైవే ఎరుపుని నేరుగా ఎ తీగకి టంకం పెట్టేశాడు. 1854లో జార్జ్ బూల్ మనిషి ఆలోచనకి కట్టిన లెక్కని 1937లో షానన్ రిలేలకి, స్విచ్చులకి దించాడట. నాకు మాత్రం అది ఒక చిప్పు ఖర్చు మిగలడంగానే అర్థమైంది.

అసలు సర్కిల్‌లో మంత్రి కాన్వాయ్ వస్తే కానిస్టేబుల్ పచ్చలైటుకి కూడా చెయ్యి అడ్డం పెట్టేవాడు. మరి ఆయన్నేం చెయ్యాలని అడిగాను. "సి అనుకో. నాలుగు వరసల పట్టిక ఎనిమిదవుతుంది" అన్నాడు బాబాయి. 2020లో ఫ్లైఓవర్ తెరిచాక హైవే లారీలు పైనుంచే పోతున్నాయి. కింద తిరిగేవాళ్లకి లైట్లూ తప్పలేదు, సి గారూ తప్పలేదు.