రెండూ మంచివే గాని

పిల్లలు కంప్యూటరులో ఆడుకొనే ఆటల గురించి సంఘ పత్రికలో వ్రాయడమేమిటని పెద్దలు అనుకోవచ్చును. మేమూ అలాగే అనుకొన్నవారమే. రాత్రి ప్రార్థనకు పిలిస్తే "ఒక్క నిమిషం నాన్నా" అన్న పాపానికి కరెంటు తీసేసిన రోజులు మా ఇంట్లోనూ ఉన్నాయి. కాని ఆ ఆట మూలముగానే మా రెండు కుటుంబముల మధ్య ఒక తగవు వచ్చినది గనుక దానిని దాచకుండా వ్రాయుచున్నాము.

ఆ ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడను దేశంలో మోజాంగ్ అనే సంస్థ 2011లో దానిని పూర్తి రూపంలో విడుదల చేసింది. 2014లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థను కొనుగోలు చేసింది. ఇటుకలవంటి దిమ్మెలను ఒకదానిమీద ఒకటి పేర్చి ఇల్లు, ఊరు, చెరువు, ఏది కావాలంటే అది కట్టుకోవచ్చును. అసలు ఆటలో లేని వస్తువులను బయటివారు తయారుచేసి చేర్చుకొనే వీలున్నది. ఆ చేర్పులను మాడ్‌లు అంటారు. ఒకరు పెంకులు చేస్తారు, మరొకరు దీపాలు చేస్తారు. వీరిలో చాలామంది ఏ దేశంలోనో చదువుకొంటున్న కుర్రవాళ్లు. సరదా కొద్దీ చేసి ఉచితంగా పంచిపెడతారు.

మా చిన్నవాడు ఆ ఆటలో తాతయ్యగారి ప్రార్థన మందిరము కట్టినాడు.

తాతయ్యగారిది ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేసిన ఊళ్లలో ఒకటి. అందరితోపాటు ఆయనకూ నిర్వాసితుల కార్డు వచ్చింది, కాలనీలో స్థలము వచ్చింది. మందిరము మాత్రం రాలేదు. దానికి ఫోటో కూడా లేదు. 2020లో లాక్‌డౌను వచ్చి అందరం ఇళ్లలో ఉండిపోయినప్పుడు మనుమడు ఫోనులో అడుగుతుంటే తాతయ్యగారు గుర్తు తెచ్చుకొని చెప్పేవారు. రాతి గోడలు, పైన బంగాళా పెంకులు, తూర్పున రెండు కిటికీలు, నేలమీద పేడ అలుకు, బయట చెట్టుకొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. గంట కొనే స్తోమతు లేక ఆ పట్టా ముక్కనే ఇనుప కడ్డీతో కొట్టి ఆరాధనకు పిలిచేవారట. ఆటలో ఒక్కో దిమ్మె ఒక మీటరు లెక్క. తాతయ్యగారు మూరలలో చెబితే వీడు మీటర్లలోకి మార్చుకొనేవాడు. పెంకులు అసలు ఆటలో లేవు గనుక ఒక మాడ్ వేసుకొన్నాడు.

2021 మే నెలలో తాతయ్యగారు ప్రభువునొద్దకు వెళ్లిపోయారు. ఇక కొలతలు చెప్పేవారు లేరు.

2022 వేసవి సెలవులలో మా పెద్దక్కగారి అబ్బాయి గాజువాకనుండి వచ్చినాడు. మావాడికంటె రెండేళ్లు పెద్ద. మందిరంలో లాంతర్లు బాగుంటాయని పెన్‌డ్రైవులో దీపాల మాడ్ తెచ్చి వేసినాడు. ఆట తెరుచుకోకుండా ఆగిపోయింది. దేనివల్ల ఆగిందో చూద్దామని ఇద్దరూ కలిసి పెంకుల మాడ్ తీసివేశారు. ఈసారి ఆట తెరుచుకొని ఏదో పెద్ద హెచ్చరిక చూపించింది. మావాడు చదవకుండా "సరే" నొక్కాడు. మందిరంలో పెంకులు లేవు, కిటికీలు లేవు, బల్లలు లేవు. ఆ మాడ్‌నుండి వచ్చిన ప్రతి వస్తువు గాలి అయిపోయింది. రాతి గోడలు, చెట్టు మాత్రం మిగిలాయి.

పిల్లవాడు ఏడ్చిన ఏడ్పు మేము తాతయ్యగారి భూస్థాపన దినమున కూడా చూడలేదు.

తరువాత జరిగినది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. "మీ అబ్బాయి తెచ్చినదే చేటు" అని మేమన్నాము. "చదవకుండా నొక్కింది మీవాడు కదా, మావాడి మీద పడతారేం?" అని పెద్దక్కగారు అన్నారు. మూడు ఆదివారములు ఒకే మందిరంలో ఆ పక్కన వారు, ఈ పక్కన మేము కూర్చొని బల్లలో పాలుపుచ్చుకొన్నాము. మావాడు అంతటితో ఆగక, పెంకుల మాడ్ చేసినవానికి వచ్చీరాని ఇంగ్లీషులో కోపంగా ఉత్తరం వ్రాసినాడు. రెండు రోజులకు నెమ్మదిగా జవాబు వచ్చింది. తన పెంకులు ఒంటరిగా పనిచేస్తాయనీ, ఆ దీపాలూ ఒంటరిగా పనిచేస్తాయనీ, వాటిని చేసినవాని పేరుకూడా తాను వినలేదనీ, అయినా ఆట ఆగినప్పుడు కంప్యూటరు వ్రాసిన నివేదిక పంపితే చూస్తాననీ దాని సారాంశము. దీపాలవానికి వ్రాస్తే జవాబే లేదు.

అప్పుడు మేము ఆలోచనలో పడ్డాము. రెండూ మంచివే గాని కలిస్తే పొసగడం లేదు. ఆ పొసగించే భారము ఎవరిది? చేసినవారిది అందామంటే, నూరు మాడ్‌లుంటే వాటిలో జతలు 4,950 అవుతాయి. జీతం లేని కుర్రవాడు అన్ని జతలూ ఆడి చూడగలడా? కలిపినవానిది అందామంటే, రెండింటినీ చేతిలో పట్టుకొన్నవాడు వాడొక్కడే గనుక న్యాయమే. కాని కలిపినది పదమూడేళ్ల, పదిహేనేళ్ల పిల్లలు.

మా సంఘంలో కంప్యూటరు ఉద్యోగం చేసే ఒక తమ్ముడు మూడో సంగతి చెప్పినాడు. చాలా మాడ్‌లు ఆనుకొనే ఫోర్జ్ అనే పునాది ఒకటున్నదట. ఒకప్పుడు ఒక మాడ్‌లో తవ్విన రాగి మరో మాడ్‌లో చెల్లేది కాదు. ఎవరి రాగి వారిదే. ఫోర్జ్‌వారు ఖనిజాల నిఘంటువు ఒకటి పెట్టి, అందులో పేరు వ్రాయించుకొన్న రాగి ఎవరు చేసినదైనా రాగిగానే చెల్లేటట్టు చేశారు. బైలదిల్లా గనుల ఇనుప రాయి కొత్తవలస మీదుగా దిగడం చూసే విశాఖవారికి ఈ మాట వివరించనక్కర లేదు. రాయి ఏ కొండదైనా కొలిమికి కావలసినది ఇనుము.

ఓడరేవులో పెద్ద పెద్ద ఇనుప పెట్టెలను ఓడలోనుండి తీసి లారీమీద, లారీనుండి రైలుమీద పెట్టడం మన పాఠకులు చూసే ఉంటారు. 1956లో అమెరికాలో మాల్కమ్ మెక్లీన్ అనే లారీల యజమాని 58 పెట్టెలతో ఒక ఓడ పంపినాడు. తరువాత ఎవరి పెట్టె కొలత వారిది, ఎవరి కొక్కెము వారిది అయింది. ఒకరి క్రేను మరొకరి పెట్టెను ఎత్తలేదు. అప్పుడు మెక్లీన్ కంపెనీవారు పెట్టె మూలలలో ఉండే తమ బిగింపు మీద హక్కును 1963లో అందరికోసం విడిచిపెట్టారు. దాని ఆధారముగానే అన్ని దేశాలకు ఒకే రకపు బిగింపు ఏర్పడింది. విశాఖలో కంటైనర్ల రేవు 2003లో మొదలయ్యేటప్పటికి ఆ తగవు ఎప్పుడో తీరిపోయింది. హక్కున్నవాడే తగ్గకపోతే ఎన్నేళ్లు పట్టేదో!

ఆ వారము స్త్రీల సమాజములో ఫిలిప్పీ పత్రిక నాలుగో అధ్యాయం వచ్చింది. యువొదియ, సుంటుకే అనే ఇద్దరు సహోదరీలు. ఇద్దరూ సువార్త పనిలో పౌలుతో ప్రయాసపడినవారే. ఇద్దరికీ పొసగలేదు. తప్పు ఎవరిదో పౌలు ఎక్కడా వ్రాయలేదు. ఇద్దరినీ విడివిడిగా బతిమాలి, వారికి సహాయం చేయమని మూడో మనిషిని అడిగినాడు. ఆ మూడో మనిషి పేరైనా వ్రాయలేదు. ఇన్నేళ్లుగా చదువుతున్నాము గాని అది మాకు తగిలినది ఆ రోజే. కూటము ముగిశాక ఇద్దరమూ ఆటో ఎక్కి గాజువాక వెళ్లాము. పెద్దక్కగారు తలుపు తీసి ఏమీ అనకుండా టీ పెట్టారు. మా ఇంట్లో అది సమాధానపు మాటే.

ఇక మందిరము సంగతి. ఆ తమ్ముడు వచ్చి, "హెచ్చరికలో ఏమున్నదో చదివారా?" అని పిల్లలను అడిగినాడు. వారు ఆడే 1.12 నాటి ఫోర్జ్‌లో, ఏ మాడ్ వస్తువులైనా కనబడకపోతే, వాటిని చెరిపేముందు మొత్తం లోకాన్ని తనంతట తానే నకలు తీసి కట్టి పెడుతుందట. ఆ సంగతే హెచ్చరికలో వ్రాసి ఉన్నది. ఆట దాచుకొనే అరలో చూస్తే ఆ తేదీతో మూట ఉన్నది! దీపాలు తీసి, పెంకులు మళ్లీ వేసి, మూట విప్పితే మందిరము ఉన్నదున్నట్టు నిలిచింది. ఎవరో ముక్కూ మొహం తెలియని పనివాడు, పిల్లలు చదవకుండా నొక్కుతారని ముందే తలంచి ఆ పని చేసిపెట్టినాడు. ఆ రాత్రి ప్రార్థనలో మేము అతని కొరకు కూడా స్తోత్రము చెల్లించాము.

పెంకులవాడు నివేదిక చూసి, ఆటలో ఒకేచోట తానూ ఆ దీపాలవాడూ మార్పు వ్రాశామని కనిపెట్టి, తన వ్రాత పక్కకు జరుపుకొన్నాడు. జరపవలసినది తానే అని అతడు ఒప్పుకోలేదు సుమండీ. అయినా జరిపినాడు.

క్రిస్మసుకు మందిరము బొమ్మను రంగులలో అచ్చు వేయించి అమ్మమ్మగారికిచ్చారు. ఆమె కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసి, "గోడలు అవే. పెంకులు అవే. పట్టా ముక్క కట్టింది ఈ చెట్టుకి కాదర్రా, చింతచెట్టుకి" అన్నారు. తాతయ్యగారు చెట్టు అన్నారు గాని ఏ చెట్టో చెప్పలేదు, వీళ్లు అడగలేదు. ఆ ఆటలో చింతచెట్టు లేదట. ఇంకో మాడ్ వెదకాలి. ముందుగా లోకాన్ని నకలు తీసి రెండిళ్లలోనూ ఒక్కొక్కటి దాచి, అన్నదమ్ములిద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కొని, ఆ మాడ్ పక్కన వ్రాసినదంతా వేలు పెట్టి చదువుతున్నారు.